పాత కంప్యూటరు – నిలిచిపోయిన నవీకరణము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)

 

ఇట్టి సభలలో మాతృభాషాభిమానమును గూర్చి మాటలాడుట ఆచారము. నేను ఇంటిలోని పాత కంప్యూటరును గూర్చి మాటలాడుదునని చెప్పగా కార్యదర్శిగారు ఒకింత ఆశ్చర్యపడినారు. ఆ రెండును వేరువేరు విషయములు కావని నాకు అనుభవముచే తెలిసినది. ఆ అనుభవమునే మొదట మనవి చేసెదను.

మా యింట 2013లో కొన్న కంప్యూటరు ఒకటి కలదు. నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి, ఐదువందల గిగాబైట్ల డిస్కు గల సామాన్య యంత్రము. మొదట అందు విండోస్ 7 ఉండెను. తరువాత విండోస్ 10 చేర్చితిమి. అది నిజమునకు నాది కాదు, మా పెద్దక్కది. హోసూరు చుట్టుపట్ల పల్లెలలోని వృద్ధస్త్రీల యొద్దకు పోయి, వారు పాడెడి పెండ్లిపాటలు, లాలిపాటలు, దంపుళ్ల పాటలు వ్రాసికొనివచ్చి, రాత్రులు కూర్చుండి ఆ యంత్రములో ఎక్కించెడిది. ఆమె పోయిన పిమ్మట నూటనలుబది పాటలు ఆ డిస్కులోనే మిగిలినవి. చేతివ్రాత పుస్తకములు వానకు తడిసి ఎన్నడో పోయినవి. వేరు ప్రతి లేదు.

2024 జనవరి నెలలో ఆ యంత్రము ఒక నవీకరణమును, అనగా మనము వాడుకలో అప్‌డేటు అనెడి దానిని, దించుకొని, అమర్చబోయి, విఫలమైనదని తెలిపినది. మరునాడును అదే మాట. దిన దినము అదే మాట. తెరపై 80070643 అను సంఖ్య. నేను భయపడి దానిని మోసికొని బజారులోని ఒక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోతిని. అక్కడివారు పది నిమిషములు చూచి, "డిస్కు పాడైనది. అంతయు తుడిచి ఫార్మాట్ చేయవలెను. సాయంకాలము రండి" అనిరి. నేను సరేయని తలయూపితిని కూడ.

అప్పుడు నా వెంట వచ్చిన మనుమరాలు, ఈ పాఠశాలలోనే ఎనిమిదవ తరగతి చదువుచుండిన పిల్ల, నా చేయి పట్టుకొని, "తాతా, ఇంటికి తీసికొని పోదాము. ముందు అవ్వ పాటలకు నకలు తీసుకొందాము. తరువాత ఏమైనా చేయవచ్చు" అన్నది. దుకాణదారుకు కోపము వచ్చినది. నాకు సిగ్గు వేసినది. అయినను యంత్రమును మరల ఆటోలో పెట్టించితిని. ఆ పిల్ల మాట వినకుండినచో ఈనాడు నేను మీ యెదుట నిలువగలిగెడివాడను కాను.

ఇక విషయమునకు వచ్చెదను. నవీకరణ మనగా నేమి? ఎంత శ్రద్ధగా నిర్మించిన యింటికైనను వర్షాకాలమునకు ముందు పెంకులు సరిచూచుకొనుట గలదు గదా. అట్లే యంత్రమును నడిపించు వ్యవస్థలో పిమ్మట బయటపడిన లోపములకు, దొంగలు దూరగల సందులకు, తయారుచేసినవారు పంపెడి మరమ్మతే నవీకరణము. మైక్రోసాఫ్ట్ వారు 2017 మార్చి 14న అట్టి మరమ్మతు నొకదానిని పంపిరి. దానిని అమర్చుకొనని యంత్రములను రెండు నెలలకు, మే 12న, వానాక్రై అను దుష్టక్రమము పట్టుకొన్నది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములలోని దస్త్రములకు తాళము వేసి, ధనమిచ్చిననే విడిచెదమన్నది. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పిపంపవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లును కొన్ని దాని వాత బడినవి. కావున నవీకరణము రాకున్న నేమి యని ఊరకుండుట మంచిది కాదు.

నవీకరణము నాలుగు మెట్లు ఎక్కవలెను. మొదట దించుకొనుట; రెండవది దించుకొన్నది చెడక వచ్చినదా యని సరిచూచుట; మూడవది వ్యవస్థలోని భండారమున చేర్చుట; నాలుగవది యంత్రమును ఆపి మరల ప్రారంభించునప్పుడు పాత భాగముల స్థానమున క్రొత్తవానిని ఉంచుట. ఎక్కడ కాలు జారినను వ్యవస్థ చేసిన మార్పులను వెనుకకు త్రిప్పుకొని మునుపటి స్థితికి పోవుటకు యత్నించును. తెరపై ఆ మాట కనబడినప్పుడు తొందరపడి మీట నొక్కి ఆపరాదు. పాత యంత్రములలో ఒక గంటయు, అంతకు మించియు పట్టవచ్చును. కరెంటు తరచుగా పోవు మన ఊళ్లలో యు.పి.ఎస్. లేనివారు, రాత్రి గాలివానలో గాక, కరెంటు నిలుకడగా ఉండు వేళ చూచి ఈ పని పెట్టుకొనవలెను. ఒడిలో పెట్టుకొను కంప్యూటరైనచో ఛార్జరు తగిలించి యుంచవలెను.

ఇక విఫలమైనప్పుడు చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను. ఈ వరుస ముఖ్యము. తేలికైనది ముందు, ప్రమాదకరమైనది చివర.

ఒకటవది నకలు. పిల్లల ఛాయాచిత్రములు, ధ్రువపత్రములు, పెద్దల వ్రాతలు పెన్‌డ్రైవులోనో, వెలుపలి డిస్కులోనో ఎక్కించి, ఆ నకలు తెరచి చూచి, యంత్రమునుండి వేరుచేసి బీరువాలో పెట్టవలెను. ఇది కానిదే రెండవ పనికి పోరాదు.

రెండవది సంఖ్యను వ్రాసికొనుట. సెట్టింగులలో విండోస్ అప్‌డేటు అను చోట, నవీకరణ చరిత్ర యను పట్టికలో, ఏ నవీకరణము ఏ సంఖ్యతో విఫలమైనదో ఉండును. వైద్యునకు జ్వరమెంతయో చెప్పినట్లు, ఈ సంఖ్యయే సగము రోగనిర్ణయము. చివర 80070070 అని యున్నచో డిస్కులో చోటు చాలలేదని అర్థము. 80070002 అని యున్నచో కావలసిన దస్త్ర మేదియో దొరకలేదని అర్థము.

మూడవది యంత్రమును ఒకమారు పూర్తిగా ఆపి మరల ప్రారంభించుట. ఇది హాస్యముగా తోచవచ్చును. కాని పాత నవీకరణము సగములో నుండగా క్రొత్తది వచ్చి చిక్కుపడుట సామాన్యము. షట్‌డౌన్ గాక రీస్టార్ట్ అనుదానినే నొక్కవలెను. విండోస్ 10లో సామాన్యముగా షట్‌డౌన్ చేసినప్పుడు వ్యవస్థ తన స్థితిని కొంత దాచుకొని మేల్కొనును; రీస్టార్ట్ చేసినప్పుడే అంతయు క్రొత్తగా మొదలగును.

నాలుగవది తేదీ, వేళ. మా వీధిలో ఒకరి యంత్రము కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల తేదీని కొన్ని సంవత్సరములు వెనుకకు చూపుచుండెను. నవీకరణము పంపు దూరపు యంత్రముతో మాటలాడునప్పుడు మన యంత్రము అవతలివారి ధ్రువపత్రమును తేదీతో పోల్చి చూచును. తేదీ తప్పైనచో ఆ పత్రము చెల్లదని తలచి సంబంధమే తెంచుకొనును. దీనికి మందు లోపలి పలకపై నుండు సి.ఆర్. 2032 అను నాణెమువంటి మూడు వోల్టుల బ్యాటరీని మార్చుటయే. గడియారములు బాగుచేయువారి యొద్దనే అది దొరకును.

ఐదవది చోటు. విండోస్ 10 పెద్ద నవీకరణమునకు 64 బిట్ల యంత్రములో 20 గిగాబైట్ల వరకు ఖాళీ కావలెను. డిస్క్ క్లీనప్ అను పరికరమును తెరచి, వ్యవస్థ దస్త్రములను శుభ్రపరచు మీట నొక్కినచో, పాత నవీకరణముల అవశేషములు తొలగును. అయితే అక్కడ డౌన్‌లోడ్స్ అను పేరునకు ఎదుట గుర్తు ఉన్నదేమో చూచి తీసివేయవలెను. లేనిచో మీరు దించుకొన్న పాఠ్యపుస్తకములు కూడ పోవును. విండోస్ సంచిలో విన్ ఎస్.ఎక్స్.ఎస్. అను పేరుతో పెద్ద సంచి యొకటి కనబడును. అదియే నేను చెప్పిన భండారము. చోటు కలిసివచ్చునని దానిని చేతితో తుడిచివేసిన యంత్రము లేవదు.

ఆరవది ఇంటర్నెట్టు. మనలో పలువురు సెల్‌ఫోను హాట్‌స్పాట్‌తోనే కంప్యూటరు నడుపుచున్నారు. ఖర్చు తగ్గుటకై మీటర్డ్ కనెక్షన్ అను ఏర్పాటును ఎవరో ఎప్పుడో పెట్టి మరచియుందురు. అది యుండగా పెద్ద నవీకరణములు దిగవు. ఒకనాటికి దానిని తీసివేసి, ఫోనులో తగినంత డేటా ఉన్నప్పుడు దించుకొనవలెను. ముద్రణ యంత్రము, పెన్‌డ్రైవు మొదలగు తగిలింపులను ఆ వేళకు ఊడదీయుట మంచిది.

ఏడవది, ఇవియన్నియు చేసినను కానిచో, సెట్టింగులలోని ట్రబుల్‌షూటరును నడుపవలెను. అదియు చాలనిచో, దించుకొన్న ముక్కలు చెడినవేమో యని అనుమానింపవలెను. సర్వీసెస్ అను పట్టికలో విండోస్ అప్‌డేట్ అనుదానిని, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ అనుదానిని ఆపి, విండోస్ సంచిలోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అను సంచికి వేరు పేరు పెట్టి, యంత్రమును మరల ప్రారంభింపవలెను. వ్యవస్థ క్రొత్త సంచిని తానే చేసికొని మొదటినుండి దించుకొనును. నవీకరణ చరిత్ర పట్టిక ఖాళీగా కనబడును గాని, మీ దస్త్రములకు హాని లేదు.

ఎనిమిదవది వ్యవస్థ భాగములను సరిచూచుట. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరచి, డిస్మ్, ఆన్‌లైన్, క్లీనప్-ఇమేజ్, రెస్టోర్‌హెల్త్ అను నాలుగు మాటలను ఆంగ్లాక్షరములలో వ్రాయవలెను. మాటకు మాటకు నడుమ ఖాళీ. మొదటిది తప్ప ప్రతి మాటకు ముందు ముందుకు వాలిన గీత. ఇది భండారమును బాగుచేయును. అది ముగిసిన తరువాత ఎస్.ఎఫ్.సి. అని వ్రాసి, ఖాళీ విడిచి, వాలుగీత పెట్టి, స్కాన్‌నౌ అని చేర్చవలెను. ఇది భండారములోని మంచి ప్రతులతో చెడిన భాగములను మార్చును. ముందు గాదె బాగుపడవలెను, పిమ్మట గాదెలోని గింజలు విత్తవలెను. వరుస మార్చిన ప్రయోజనము తక్కువ. పాత యంత్రములో అంకె ఒకచోట చాలసేపు నిలిచినను ఓపిక పట్టవలెను.

తొమ్మిదవదియు చివరిదియు నగు ఉపాయము, వ్యవస్థను దానిపైననే మరల అమర్చుట. మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూలుతో ఇది చేయవచ్చును. నా దస్త్రములను, అప్లికేషన్లను ఉంచుము అను మాట ఎన్నుకొనబడి యున్నదా యని చూచిన పిమ్మటనే ముందుకు పోవలెను. ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. రీసెట్ అను వేరొక ఏర్పాటు కలదు. అందు నా దస్త్రములను ఉంచుము అని కోరినను, మీరు అమర్చుకొన్న అప్లికేషన్లు పోవును. ఫార్మాట్ చేసినచో అన్నియు పోవును. ఈ మూడింటి పేర్లు తెలియనివారు దుకాణములో తలయూపరాదు. నేను తలయూపినవాడను గనుక చెప్పుచున్నాను.

ఆ భేదము తెలుగువారికి విశేషముగా ఏల ముఖ్యమో చెప్పెదను. మా అక్క పాటలు అను అక్షరములతో, అనగా ఆ పేరుగల పాత తెలుగు ఫాంటుతో ఎక్కించినవి. మనవారి అచ్చుశాలలలో చిరకాలముగా వాడబడినది అదియే. ఆ పద్ధతిలో యంత్రము లోపల దాచుకొనునది తెలుగు కాదు, ఆంగ్లాక్షరముల సంకేతములే. ఆ సంకేతములకు తెలుగు రూపము తొడిగెడిది ఫాంటు. ఫాంటు పోయినచో దస్త్రము నిలిచియున్నను తెరపై అర్థములేని ఆంగ్లాక్షరములే కనబడును. యూనికోడు పద్ధతిలో ప్రతి తెలుగక్షరమునకు దానిదే యైన సంఖ్య యుండును. 1991లో వెలువడిన మొదటి యూనికోడు ప్రమాణములోనే తెలుగు చేరినది. అట్లు వ్రాసినది ఏ యంత్రములోనైనను, ఫోనులోనైనను తెలుగుగానే కనబడును. కావున పాత ఫాంట్లలో పెద్దల వ్రాతలు ఉన్న ఇండ్లవారు నకలు తీయునప్పుడు ఆ ఫాంట్లను కూడ నకలు తీయవలెను. వీలైనంత త్వరలో పాఠమును యూనికోడునకు మార్చించి, అచ్చుతో పోల్చి దిద్దుకొనవలెను. మార్పులో ఒత్తులు తారుమారగుట కలదు.

ఇక మా యంత్రమునకు వచ్చిన రోగమేమి? ఇంటికి వచ్చి నకలు తీసిన తరువాత మనుమరాలు ఆ సంఖ్యను, నవీకరణము పేరును వెదకినది. కె.బి. 5034441 అను ఆ నవీకరణము 2024 జనవరి 9న వచ్చినది. అది యంత్రమును ఆపత్కాలమున లేవదీయుటకై డిస్కులో వేరుగా నుంచిన చిన్న భాగమునకు సంబంధించినది. ఆ భాగములో 250 మెగాబైట్ల ఖాళీ కావలెను. పాత యంత్రములు పెక్కింటిలో ఆ గది అంత పెద్దది కాదు. కావుననే లోకములో ఎందరి యిండ్లలోనో అదే సంఖ్యతో అదే విఫలత. చోటు చాలలేదని చెప్పవలసిన యంత్రము వేరొక సంఖ్యను చూపినది. మైక్రోసాఫ్ట్ వారే పిమ్మట ఈ సంగతి ఒప్పుకొని, ఆ గదిని చేతితో పెంచుకొను విధమును ప్రకటించిరి. మేము ఆ సాహసము చేయలేదు. డిస్కు విభజనను కదల్చుట అనుభవము లేనివారి పని కాదు. తక్కిన నవీకరణములన్నియు యథాప్రకారముగా అమరుచుండెను. డిస్కునకు ఏ రోగమును లేదు. తుడిచివేయవలసిన అవసర మంతకంటె లేదు.

దీనినుండి నేను నేర్చుకొన్నది ఇది: విఫలమైన ప్రతి నవీకరణమును యంత్రపు రోగము కాదు, వాడువారి తప్పును కాదు. ఒక్కొక్కప్పుడు పంపినవారిదే పొరపాటు. ఆ సంఖ్యను చదివి, ఒక వారము వేచి చూచుట కూడ ఒక వైద్యమే.

తల్లిదండ్రులు జాగ్రత్తపడవలసిన మోస మొకటి కలదు. తెరపై పెద్ద అక్షరములతో మీ యంత్రము చెడినది, ఈ నంబరునకు ఫోను చేయుడు అని కనబడినచో అది అబద్ధము. మైక్రోసాఫ్ట్ వారి దోషసూచనలలో ఫోను నంబరు ఉండదు. ఫోనుచేసి, యంత్రమును దూరమునుండి నడిపెదము, ఫలానా అప్లికేషను పెట్టుకొనుడు అనువారిని నమ్మరాదు. పిల్లలు ఒంటరిగా నుండగా ఇట్టివి వచ్చును గనుక వారికి ముందుగానే చెప్పియుంచవలెను.

ఇంకొక మాట. 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10నకు ఉచిత నవీకరణములు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. గృహస్థులకు భద్రతా నవీకరణములు మరియొక సంవత్సరము, 2026 అక్టోబరు 13 వరకు, పేరు నమోదు చేసికొన్నవారికి అందునట్లు 2025లో ఏర్పాటు ప్రకటించిరి. దానికి 22హెచ్2 అను చివరి సంచిక అమరియుండవలెను. వెదకుచోట విన్‌వెర్ అని వ్రాసినచో మీది ఏ సంచికయో తెలియును. 2021లో వచ్చిన విండోస్ 11 మాత్రము టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, ఇంటెల్ అయినచో సుమారు ఎనిమిదవ తరము ప్రాసెసరు కోరును. మా 2013 నాటి యంత్రము వంటివానికి ఆ ద్వారము మూయబడినది. అడ్డదారిన ఎక్కించెదమనువారు ఉన్నారు. అట్లు ఎక్కించినదానికి నవీకరణములు వచ్చునను హామీ లేదు. అట్టి యంత్రములపై లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను పెట్టి పిల్లల చదువునకు వాడుకొనవచ్చును. అందును తెలుగు వ్రాయవచ్చును, చదువవచ్చును. లేదా ఇంటర్నెట్టు తీసివేసి, పాత ఫాంట్లు గల దస్త్రములను తెరచుటకు మాత్రమే ఉంచుకొనవచ్చును. మేము రెండవది చేసితిమి.

మహాశయులారా! మనము తమిళనాడులో తరతరములుగా నిలిచియున్న తెలుగువారము. మన తాతలు తెచ్చిన తాటాకులలో కొన్ని చెదలు తిన్నవి. కొన్ని ఏమి వ్రాసియున్నదో తెలియక నీళ్లలో విడిచితిమి. ఆ తప్పు అజ్ఞానముచే జరిగినది. ఈనాడు మన బీరువాల ప్రక్కన, గుడ్డ కప్పి, దుమ్ముపట్టి యున్న పాత కంప్యూటర్లలో ఏమున్నదో తెరచి చూడక పాతసామాను కొనువానికి ఇచ్చివేసినచో, అది అదే తప్పును రెండవమారు చేయుటయగును. యంత్రము పోయిన మరియొకటి వచ్చును. పాటలు పాడిన అవ్వలు మరల రారు.

ఈ వేసవి సెలవులలో ప్రతి యింట ఒక ఆదివారము ఈ పనికి కేటాయింపుడని నా ప్రార్థన. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వారికి యంత్రము తెలియును. మీకు అందులోని వ్రాతలు ఎవరివో తెలియును. ఇద్దరును కలిసిననే పని నెరవేరును. మీరు తెలిసిన పేర్లు చెప్పుడు, వారు నకలు తీయుదురు.

నూటనలుబది పాటలలో ఇంతవరకు తొంబది యూనికోడులో దిద్దబడినవి. దిద్దుచున్నది మా మనుమరాలును, ఆమె తరగతిలోని నలుగురు పిల్లలును. అర్థము కాని మాట వచ్చినప్పుడు తమ ఇండ్లలోని అవ్వలను అడిగి వచ్చుచున్నారు. ఇప్పుడు ఆ పిల్లలు అందు రెండు లాలిపాటలు ఈ వేదికపై పాడుదురు. నా మాటలకంటె అవి వినదగినవి.